సోడా కొట్టు వాళ్ళ ఐపీ

తుమ్మలమెరకలో అందరికన్నా తెలివైనవాళ్ళ ఇల్లు ఏదని అడిగితే, గోలీసోడా కొట్టు గవర్రాజు ఇల్లు చూపించేవారు. చూపించేది గవర్రాజే.

"మా ఇంట్లో ముగ్గురం ఉన్నాం. ముగ్గురికీ తెలివే. వేరే ఇళ్ళల్లో ఒక్కడికి ఉంటే ఇద్దరికి ఉండదు. అందుకే అక్కడ గొడవలు" అని చెప్పి, అడిగినవాడికి ఒక నిమ్మసోడా కూడా కొట్టి ఇచ్చేవాడు.

ముగ్గురంటే గవర్రాజు, అతని తమ్ముడు పైడిరాజు, గవర్రాజు భార్య వరహాలమ్మ. వాళ్ళ తెలివి ఎలాంటిదంటే, వానొస్తే గొడుగు తడిసి పాడవుతుందని పైడిరాజు దాన్ని చొక్కాలోపల దాచుకుని, తను తడుస్తూ ఇంటికొచ్చేవాడు. "పొయ్యిమీద కూర మాడుతుందేమో చూస్తూ ఉండు" అని గవర్రాజు చెప్పి వెళితే, వరహాలమ్మ పీట వేసుకుని కూర్చుని, అది మాడేదాకా రెప్ప వెయ్యకుండా చూసి, భర్త రాగానే "మాడింది, చూశాను" అని చెప్పేది. గవర్రాజు ఆ మాడిన కూరే తింటూ, చెప్పిన మాట వినే భార్య దొరికినందుకు పొంగిపోయేవాడు.

వాళ్ళ ఆస్తల్లా తాతలనాటి సోడా మిషను. ఇనప చక్రం, చెక్క చట్రం, పక్కన గ్యాసు బండ. చక్రం తిప్పితే సీసాలోకి గ్యాసు ఎక్కుతుంది, గోలీ పైకొచ్చి మూతి మూసుకుంటుంది. ఆ చక్రం తిరిగిన రోజున పొయ్యి వెలుగుతుంది, తిరగని రోజున వెలగదు. అంతే లెక్క.

అన్ని కొట్లలోనూ ఉంది కదా అని గవర్రాజు కూడా ఒక బోర్డు రాయించాడు. "నేడు నగదు, రేపు అరువు." ఆ రోజు అందరి దగ్గరా నగదు పుచ్చుకున్నాడు. మర్నాడు ఊళ్ళోవాళ్ళు వరసగా వచ్చి నిలబడ్డారు.

"ఏమోయ్ గవర్రాజూ, రేపు అరువన్నావు. ఆ రేపు వచ్చింది."

గవర్రాజు బోర్డు చదువుకున్నాడు. నిన్న రాయించిన మాట ఇవాళ తప్పితే పరువేముంది? అంతే, అందరికీ అరువు పోశాడు. ఆ మరునాడు నగదు రోజు. ఆ రోజున ఈగ కూడా వాలలేదు. ఆ పైరోజు అరువు రోజు. పొరుగూరి నించి కూడా బళ్ళు కట్టుకుని వచ్చారు.

ఇంకేముంది, పంచదారకీ, నిమ్మకాయలకీ, గ్యాసుకీ అప్పులు. ఎక్కువ అప్పు ఇచ్చింది కిరాణా కొట్టు బంగారయ్య. ఇచ్చేటప్పుడే అతని కన్ను సోడా మిషను మీద ఉంది. దాన్ని తన కొట్టు ముందు పెట్టుకుంటే ఎండాకాలం అంతా డబ్బే డబ్బు.

"నెల తిరిగేసరికి కట్టండి. లేకపోతే మిషను నాది" అన్నాడు బంగారయ్య.

అప్పుడు ఎవరో పుణ్యాత్ములు చెప్పారు, పట్నం వెళ్ళి కోర్టులో ఐపీ పెట్టండని. అంటే, ఉన్న అప్పులు ఒక్కసారిగా తీర్చలేమని దివాలా అర్జీ పెట్టుకోవడం. ముగ్గురూ వెళ్ళారు, పెట్టారు. జడ్జి గారు మంచివాడు. వీళ్ళ మొహాలు చూశాడు, మిషను సంగతి విన్నాడు, ఒక ఏర్పాటు చేశాడు. మిషను వీళ్ళ దగ్గరే ఉండాలి. దానిమీద వచ్చే ఆదాయంలో కొంత నెలనెలా రిసీవరు గారికి కట్టాలి. ఆయన దాన్ని అప్పులవాళ్ళకి పంచుతాడు.

రిసీవరు పేరు పేరిశాస్త్రి గారు. పెద్ద వకీలు, నెమ్మదస్తుడు. వీళ్ళని ఎదురుగా కూర్చోబెట్టుకుని, "చూడండి నాయనా, ఒక్కటే షరతు. మీ ఆదాయం పెరిగినా, తగ్గినా, వెంటనే నాకు చెప్పాలి. దాన్నిబట్టి వాయిదా పెంచడమో తగ్గించడమో చేస్తాం. చెప్పకుండా దాచారని తేలిందా, ఏర్పాటు రద్దయిపోతుంది. మిషను వేలానికి వెళ్తుంది" అన్నారు.

గవర్రాజు ఛాతీ విరుచుకున్నాడు. "చెప్పడంలో మాకు సాటి లేరండి. మీరే చూస్తారు."

ఆయన చూశారు.

మర్నాడు పొద్దున్నే పొలానికి పోతూ ఒక రైతు ఆగి, ఉప్పుసోడా తాగి డబ్బులిచ్చి వెళ్ళాడు. గవర్రాజు అరచేతిలో నాణేలు పెట్టుకుని చూశాడు.

"ఒరే తమ్ముడూ, ఇందాక లేదు. ఇప్పుడుంది. అంటే పెరిగింది."

"వెంటనే చెప్పమన్నారు కదన్నయ్యా."

"వెంటనే అంటే వెంటనే. చెప్పులు కూడా వేసుకోకు."

పైడిరాజు ఉత్తకాళ్ళతో పరిగెత్తి పట్నం బస్సెక్కాడు. రిసీవరు గారు ఇంకా పళ్ళు తోముకుంటున్నారు.

"ఆదాయం పెరిగిందండి. ఒక ఉప్పుసోడా అమ్మామండి. ఆ తరవాత తగ్గిందండి. బస్సు టిక్కెట్టు కొన్నానండి."

ఆయన నోట్లో నురగతోనే తలూపి, వెళ్ళమని చెయ్యి చూపించారు. పైడిరాజు తిరుగు బస్సెక్కి టిక్కెట్టు కొన్నాడు. బస్సు కాలవ వంతెన దాటగానే గుర్తొచ్చింది. ఇప్పుడు మళ్ళీ తగ్గింది కదా. వంతెన దగ్గరే దిగిపోయాడు. ఎదురుబస్సెక్కి, ఇంకో టిక్కెట్టు కొని, పట్నం వెళ్ళి చెప్పాడు. చెప్పి బయటికొచ్చి మళ్ళీ బస్సెక్కాడు. మళ్ళీ టిక్కెట్టు. మళ్ళీ వంతెన. మధ్యాన్నం దాటేసరికి రెండు బస్సుల కండక్టర్లూ అతన్ని గుర్తుపట్టారు.

"ఏమయ్యా, నువ్వు వెళ్తున్నావా, వస్తున్నావా?"

"ఆదాయం తగ్గుతోందండి. చెప్పడానికి వెళ్తున్నానండి."

"ఎందుకు తగ్గుతోందీ?"

"చెప్పడానికి వెళ్తున్నానుగదండి."

కండక్టరు కాసేపు ఆలోచించి, టిక్కెట్టు కొట్టి ఇచ్చేశాడు.

సాయంత్రానికి పైడిరాజు జేబు ఖాళీ. రిసీవరు గారికి జాలేసింది. తన జేబులోంచి బస్సు ఛార్జీ తీసి ఇచ్చారు. పైడిరాజు మొహం వెలిగిపోయింది. "ఆదాయం పెరిగిందండి" అని అక్కడికక్కడే చెప్పేశాడు. ఆయన ఆ డబ్బులు మళ్ళీ వెనక్కి తీసుకున్నారు. "తగ్గిందండి" అన్నాడు పైడిరాజు.

"నాయనా" అన్నారు పేరిశాస్త్రి గారు, "ఇవాల్టికి నడిచి వెళ్ళు. నడిస్తే పెరగదు, తగ్గదు. ఇకమీదట నెలాఖరుకి ఒక్కసారి వచ్చి, నెల మొత్తానికి ఎంత వచ్చిందో చెప్పండి చాలు. ఏదీ దాచకండి. అంతే."

పైడిరాజు ఇల్లు చేరేసరికి పొద్దుపోయింది. అన్నావదినలు అన్నం ముందు కూర్చుని కాచుకుని ఉన్నారు.

"నెలాఖరుకి వస్తే చాలన్నారు. కాకపోతే ఏదీ దాచొద్దన్నారు."

వరహాలమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. అమ్మకం డబ్బంతా ఆవిడ పోపులడబ్బాలో మెంతుల కింద దాస్తుంది.

"అమ్మో, నేను రోజూ దాస్తున్నానే" అంది. "మెంతుల కింద పెట్టడం దాచడమే కదూ?"

"ముమ్మాటికీ దాచడమే" అన్నాడు గవర్రాజు. "గల్లాపెట్టెలో వేసి మూతేసినా దాచడమే. జేబులో పెట్టుకున్నా దాచడమే. నలుగురికీ కనపడేలా ఉంటేనే దాచనట్టు."

అంతే. మర్నాటి నించి కొట్టు ముందు రెండు రాటల మధ్య తాడు కట్టారు. బట్టలారేసినట్టు నోట్లన్నీ క్లిప్పులు పెట్టి ఆరేశారు. వచ్చేపోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. "ఏంటయ్యా గవర్రాజూ, నోట్లు ఉతికావా?" అని ఎవరైనా అడిగితే, "దాచడం లేదు" అని గర్వంగా చెప్పేవాడు. ఊరు మంచిది కాబట్టి ఎవరూ ముట్టుకోలేదు. ఎదురింటి అప్పాయమ్మ మేక మాత్రం అంత మంచిది కాదు. ఒక మధ్యాన్నం ముగ్గురూ కునుకు తీస్తుండగా అది వెనక్కాళ్ళ మీద నిలబడి, ఈ చివర్నించి ఆ చివరిదాకా నోట్లన్నీ నమిలేసింది. క్లిప్పులు మాత్రం వదిలేసింది.

నెలాఖరున పైడిరాజు వెళ్ళి, ఆదాయం తగ్గిందని చెప్పాడు. ఎందుకు తగ్గిందంటే మేక తినేసిందన్నాడు.

పేరిశాస్త్రి గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "తగ్గిందని నోటిమాటగా చెప్తే బంగారయ్య ఊరుకోడయ్యా. కోర్టుకి ఋజువు కావాలి. ఋజువు పట్టుకురా."

ఋజువంటే మేకే కదా. అప్పాయమ్మ మొదట ఇవ్వనంది. తరవాత, "నా మేక పట్నం వెళ్తే నేనూ వెళ్తాను. అది ఒంటరిగా ఎక్కడా ఉండలేదు" అని తనే తాడు పట్టుకుని బయల్దేరింది. నలుగురు మనుషులూ, ఒక మేకా రిసీవరు గారి ఆఫీసు గదిలోకి వెళ్ళారు.

"ఋజువండి" అన్నాడు గవర్రాజు, మేకని ముందుకి తోస్తూ. "మొత్తం దాని కడుపులోనే ఉంది. ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు మీ దగ్గరే కట్టేసుకోండి."

"మేకని తెమ్మన్నానా నేను?" అన్నారాయన. ఆ మాట అంటూ కుర్చీలో వెనక్కి వాలారు. వాలకుండా ఉండవలసింది. ఆ సందులో మేక బల్లమీద మూతి పెట్టి, ఎవరిదో భూమి తగాదా కాగితాల కట్ట లాక్కుని, నమలడం మొదలెట్టింది.

పైడిరాజు చప్పట్లు కొట్టాడు. "చూశారాండి? అచ్చం ఇలాగే తినేసిందండి. ఇంతకన్నా ఋజువు ఎవరు తేగలరు?"

గుమస్తా పరిగెత్తుకొచ్చి కట్టకి ఒక కొస పట్టుకున్నాడు. మేక రెండో కొస వదల్లేదు. "మెల్లిగా లాగు బాబూ, దానికి పళ్ళు నొప్పి" అంది అప్పాయమ్మ. చివరికి సగం కాగితాలు గుమస్తాకి, సగం మేకకి వచ్చాయి.

అందరూ వెళ్ళబోతుంటే పేరిశాస్త్రి గారు రెండు చేతుల్లో తల పెట్టుకుని, తనలో తను అనుకున్నట్టుగా, "మీ ఆదాయంలో అసలు మార్పనేదే లేకపోతే నేనూ సుఖంగా ఉంటాను, మీరూ సుఖంగా ఉంటారు" అన్నారు.

అనవలసిన మాట కాదు. కానీ అనేశారు.

"విన్నారుగా" అన్నాడు గవర్రాజు మెట్లు దిగుతూ. "మార్పు ఉండకూడదట. పాపం పెద్దాయన, మనవల్ల సుఖం లేక చిక్కిపోతున్నాడు."

ఇంకేముంది, ఆ రోజు నించి సోడా కొట్టుకి కొత్త పద్ధతి వచ్చింది. ముందు రోజు ఎంత వచ్చిందో ఈ రోజూ అంతే రావాలి. ముసురుపట్టి ఎవరూ రాని రోజున, గవర్రాజు మూత ఊడదీసిన గల్లాపెట్టెలోంచి డబ్బులు తీసి తమ్ముడి చేతిలో పెట్టేవాడు. పైడిరాజు ఆ డబ్బులిచ్చి సోడా కొనుక్కుని తాగేవాడు. గవర్రాజు వాటిని పెట్టెలో వేసుకుని, మళ్ళీ తీసి వరహాలమ్మకిచ్చేవాడు. ఆవిడా తాగేది. లెక్క నిండేదాకా ఆ డబ్బులే తిరిగేవి, ఆ ముగ్గురే తాగేవారు. సాయంత్రానికి ముగ్గురి కడుపులూ తబలాల్లా ఉబ్బి, గుమ్మంలో కూర్చుని వంతులవారీగా త్రేనుస్తుంటే, వీధినపోయేవాళ్ళు ఇంట్లో ఏదో పూజ జరుగుతోందనుకునేవారు.

గిరాకీ ఎక్కువున్న రోజున మరో రకం. లెక్క నిండగానే, "ఇక డబ్బులు పుచ్చుకోం" అనేవారు. దాహంతో వచ్చినవాణ్ణి పొమ్మనలేరు. వాళ్ళు మనసున్న మనుషులు. కాబట్టి సోడా ఇచ్చేవారు, డబ్బు మాత్రం పుచ్చుకునేవారు కాదు. బలవంతంగా ఎవరైనా బల్లమీద పెట్టి పోతే, పైడిరాజు వెంటపడి వాళ్ళ జేబులో కుక్కి వచ్చేవాడు.

అంతలో ఎండలు ముదిరాయి. అమ్మవారి తీర్థం వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళ జనమంతా తుమ్మలమెరకలోనే. నెత్తి మాడిపోతోంది. సోడా కొట్టు ముందు ఇసక వేస్తే రాలనంత జనం. తొలి గంటలోనే లెక్క నిండిపోయింది. అక్కడ్నించి పొద్దుగూకేదాకా గవర్రాజు చక్రం తిప్పుతూనే ఉన్నాడు, వరహాలమ్మ గోలీలు నొక్కుతూనే ఉంది, పైడిరాజు జనం వెంటపడి డబ్బులు వాపసు ఇస్తూనే ఉన్నాడు.

బంగారయ్య తన కొట్టు అరుగుమీద నించి అంతా చూశాడు. చూస్తూ చూస్తూ తనూ వెళ్ళి ఐదు సోడాలు తాగాడు. మర్నాడు పట్నం వెళ్ళి, తీర్థంలో వేలకొద్దీ సోడాలు అమ్మి ఆదాయం దాచారని కోర్టులో ఫిర్యాదు ఇచ్చాడు.

నోటీసు వచ్చింది. దాచారని తేలితే ఏర్పాటు రద్దు, మిషను వేలం. ఆ సాయంత్రం వరహాలమ్మ మిషనుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, చక్రం పట్టుకుని కూర్చుండిపోయింది.

"ఇది పోతే మనకేం మిగులుతుందయ్యా?"

"తెలివి మిగులుతుంది" అన్నాడు గవర్రాజు.

"దాన్ని వండుకోలేం కదా" అంది వరహాలమ్మ. పైడిరాజు లేచి, ఎవరూ అడక్కుండానే, ఒక సోడా కొట్టి వదిన చేతిలో పెట్టాడు.

కోర్టుకి ఊరంతా వెళ్ళింది. జడ్జి గారు గవర్రాజుని బోనెక్కించారు.

"తీర్థం రోజున సోడాలు అమ్మారా?"

"కొన్ని అమ్మామండి. మిగతావన్నీ ఇచ్చామండి."

"డబ్బు తీసుకోకుండానా?"

"తీసుకుంటే ఆదాయం మారిపోతుంది కదండీ. మారితే రిసీవరు గారికి సుఖం ఉండదండి."

జడ్జి గారు రిసీవరు గారి వైపు చూశారు. పేరిశాస్త్రి గారు తల వంచుకుని, మేక సంగతి దగ్గర్నించి మొత్తం చెప్పారు. చెప్తున్నంతసేపూ జడ్జి గారు జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతూనే ఉన్నారు. తరవాత బంగారయ్యని పిలిచారు.

"నువ్వు ఆ రోజు సోడా తాగావా?"

"తాగానండి. ఐదు."

"డబ్బిచ్చావా?"

బంగారయ్య అటూ ఇటూ చూశాడు. ఇచ్చానందామంటే, చూసిన ఊరంతా వెనకే ఉంది. "ఇవ్వబోయానండి. ఆ పైడిరాజు నా జేబులో మళ్ళీ కుక్కేశాడండి."

"మరి వీళ్ళు దాచిన ఆదాయం ఎక్కడుంది? నీ జేబులోనే ఉంది" అన్నారు జడ్జి గారు.

కోర్టు హాలంతా ఘొల్లుమంది. బంగారయ్య ఐదు సోడాల డబ్బూ తీసి బల్లమీద పెట్టాడు. అది చూసి ఊళ్ళోవాళ్ళకి సిగ్గేసింది. ఒకళ్ళ తరవాత ఒకళ్ళు వచ్చి, తాగిన సోడాలకి లెక్కకట్టి ఇచ్చారు. గవర్రాజు ఆ డబ్బుని ముట్టుకోకుండా రిసీవరు గారి వైపు చూశాడు.

"పెరుగుతోందండి. పర్లేదాండి?"

"పెరగనీ నాయనా" అన్నారు పేరిశాస్త్రి గారు. "నన్ను సుఖపెట్టక్కర్లేదు. వచ్చింది వచ్చినట్టు పుచ్చుకుని, డబ్బాలో పోసి, నెలాఖరుకి ఆ డబ్బా నా దగ్గరికి తీసుకురండి."

జడ్జి గారు ముగ్గురికీ అర్థమయ్యేలా నెమ్మదిగా చెప్పారు. "బాకీ తీరేదాకా ఆ మిషను మీ దగ్గరే ఉంటుంది. ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు. సరేనా?"

"సరేనండి" అన్నారు ముగ్గురూ. ఇంటికొచ్చి ఆ మాట మరిచిపోకుండా రోజూ పొద్దున్నే ఒకళ్ళకొకళ్ళు అప్పజెప్పుకునేవారు.

ఆ తరవాత బాగానే జరిగింది. సోడా కొట్టారు, డబ్బు పుచ్చుకున్నారు, డబ్బాలో వేశారు. నెలనెలా డబ్బా మోసుకెళ్ళి రిసీవరు గారి బల్లమీద గుమ్మరించారు. ఎక్కువొచ్చిన నెల ఎక్కువ కట్టారు, తక్కువొచ్చిన నెల తక్కువ కట్టారు. ఒక ఎండాకాలం వెళ్ళింది, ఇంకో ఎండాకాలం వెళ్ళింది. ఆఖరి వాయిదా కట్టిన రోజున పేరిశాస్త్రి గారు రసీదు ఇచ్చి, "మీ బాకీ తీరిపోయింది. ఇక నా దగ్గరికి రానక్కర్లేదు" అన్నారు. ఆ మాట అంటుంటే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది సంతోషమే.

మర్నాడు పొద్దున్నే బంగారయ్య కొట్టు తలుపులు తీసేసరికి, ఎదురుగా తోపుడుబండి. బండిమీద సోడా మిషను. బండి చుట్టూ ముగ్గురూ.

"ఏంటిది?" అన్నాడు బంగారయ్య.

"బాకీ తీరేదాకా మిషను మా దగ్గర ఉంటుందని జడ్జి గారు చెప్పారు. నిన్న తీరిపోయింది" అన్నాడు గవర్రాజు. "ఎక్కడ దింపమంటావు?"

బంగారయ్య బండి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. ఎన్నాళ్ళనించో కోరుకున్న మిషను గుమ్మంలోకి వచ్చింది. కానీ బాకీ అంతా ముట్టాక దీన్ని కూడా పుచ్చుకున్నాడని తెలిస్తే జడ్జి గారు ఈసారి తననే బోనెక్కిస్తారు. "నాకొద్దు బాబూ. తీసుకుపొండి" అన్నాడు.

"ఊరికే ఎలా తీసుకుపోతాం? జడ్జి గారి మాటకి విలువ లేదా?" అంది వరహాలమ్మ.

బంగారయ్యకి అప్పుడు ఆశ పుట్టింది. "అయితే కొనుక్కోండి. ఐదువేలు."

"మా దగ్గర డబ్బెక్కడిదీ? ఉన్నదంతా నీకే కట్టేశాం."

"అరువు పెట్టుకోండి. మెల్లిగా తీర్చండి."

ముగ్గురూ పక్కకెళ్ళి గుసగుసలాడుకున్నారు. పైడిరాజు ఏదో అన్నాడు, వరహాలమ్మ కళ్ళు మిలమిలలాడాయి. ఆవిడ కొంగు బిగించుకుని ముందుకొచ్చింది.

"ఐదువేలు కుదరదు బంగారయ్యన్నా. మరీ తక్కువ. ఎనిమిది చెయ్యి."

బంగారయ్య చెవి గోక్కున్నాడు. "ఎనిమిదంటే ఎనిమిదే."

"ఆగు, అప్పుడే ఒప్పుకోకు. పది."

"సరే, పది."

"పన్నెండుకి తక్కువైతే మేం ముట్టుకోం" అంది వరహాలమ్మ. బంగారయ్య దిక్కులు చూసి, గబగబా పన్నెండు రాసి సంతకాలు పెట్టించుకున్నాడు.

బండి ఇంటివైపు తిరిగింది. గవర్రాజు చక్రం మీద చెయ్యి వేసుకుని రాజులా నడుస్తున్నాడు.

"బాకీ ఉన్నన్నాళ్ళూ మిషను మన దగ్గరే. పన్నెండువేలు తీరడమంటే మాటలా? ఇక దీన్ని ఎవడూ ముట్టుకోలేడు" అన్నాడు. "పక్కింటివాళ్ళయితే ఐదువేలకే ఒప్పేసుకుని వచ్చేవాళ్ళు."

"ఇంకో రెండువేలు పెంచమనాల్సింది వదినా" అన్నాడు పైడిరాజు బండి తోస్తూ.

"బెంగపడకు మరిదీ" అంది వరహాలమ్మ. "వడ్డీ కూడా పెట్టమని చెప్పే వచ్చాను."